పంపరపనస తొన

జాకెట్లు కుట్టే రాజ్యలక్ష్మి పొద్దున్నే మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకుంటుంది. టిఫినవగానే గుండె మాత్ర వేసుకుంటుంది. ఒకరోజు మర్చిపోయినా, ఆ బాకీ తీర్చడానికి మర్నాడు రెండు మింగదు. గుండె లయ తప్పి మిషను మీదే కళ్లు తిరిగి పడిపోయిన దగ్గర్నుంచీ డాక్టరుగారి మాటే వేదం. ఈ మాత్ర వాడినన్నాళ్లూ పంపరపనస ముట్టుకోవద్దన్నాడాయన. ఆ కాయంటే ఆవిడకి ప్రాణం.

మొన్న కూతుర్ని చూడ్డానికి విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్తే, వియ్యపురాలు దొడ్లో కాసిన పంపరపనస ఒలిచి, గులాబీరంగు తొన ఒకటి నోటిదాకా తెచ్చింది.

"ఇది నా మాత్రకి పడదండీ వదినగారూ."

"ఒక్క తొనకి ఏమైపోద్దండీ? మా ఇంటి కాయ కాదంటారా?"

"పిల్లనిచ్చినవాళ్లకి ఇంత పట్టుదలేంటో!" అని పక్కనున్న కూతురి ఆడపడుచు మూతి తిప్పింది.

రాజ్యలక్ష్మికి నోరూరింది. ఆ తొన అందుకుని, పొర తీసి, ఆ ఆడపడుచు చేతిలోనే పెట్టింది.

"తినండమ్మా. మేం పిల్లనిచ్చాం గానీ, గుండెకాయ ఇవ్వలేదు."

తర్వాత దొడ్లోకెళ్లి, ఆ వాసన పోయేదాకా చేతులు కడుక్కుంది.