తేలు రాశి బిడ్డ

మా తమ్ముడికి కూతురు పుట్టింది. వృశ్చిక రాశి. బిడ్డకు ఆ రాశి పేరే, వృశ్చిక అనే పెట్టుకుంటానని మరదలు పట్టుబట్టింది. ఆర్మూరు పసుపు మార్కెట్లో పొద్దంతా గొంతు చించుకునే కమీషన్ ఏజెంటు మా తమ్ముడు. ఇంట్లోనూ అదే గొంతు.

"తేలు పిల్లలు తల్లిని తిని పుడ్తయంటరు. గసొంటి పేరు నా బిడ్డకా? దిమాగ్ ఉన్నదా నీకు?"

"ఎవలన్నరు? మా కల్లంల పసుపు ఎత్తుతుంటే కండ్లార చూసిన. పిల్లలన్నిటినీ వీపు మీదేసుకొని ఉరికింది తల్లితేలు. మా నాయన చెప్పుతోని కొట్టినా దింపలే. నా బిడ్డకు గదే పేరు."

తమ్ముడు చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది. "ఇంకోటి కొట్టు. పేరు గదే," అంది. మొండిది! మనసులోనే దండం పెట్టుకున్నాను.

తొట్టెలో వేసే రోజు బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్త, అంటే నేను. ఒకసారి చెప్పాక ఇక మారదు. "అమ్మవారి పేరు చెప్పక్కా. లేకుంటే నీకు గీ గడప బంద్," అని తమ్ముడు ముందే బెదిరించాడు.

మాలో బిడ్డకంటే ముందు, రోట్లో నూరే పొత్రానికి బట్ట చుట్టి తొట్టెలో పడుకోబెడతారు. ఆడవాళ్ళు జోల అందుకున్నారు. బిడ్డ నా ఒళ్ళో ఉంది. పేరేమిటని ఎవరో అడిగితే, నాకంటే ముందు మరదలు చెప్పేసింది. తమ్ముడు లేచి తొట్టెను ఎగిరి తన్నాడు.

పొత్రం ఎగిరొచ్చి మరదలి పాదం మీద పడింది. బొటనవేలు నుజ్జయింది. జోల ఆగిపోయింది. ఆ రాయి స్థానంలో బిడ్డ ఉండి ఉంటే! నాకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డను చంకనేసుకునే వెళ్ళి వాడి చెంప పగలగొట్టాను.

"థూ! తల్లిని తింటున్నది ఎవర్రా? బిడ్డనా, నువ్వా?"

అక్కడే బిడ్డ చెవిలో, ఇల్లంతా వినేలా చెప్పాను: వృశ్చిక.

"గా పేరుతోని నా ఇంట్ల ఉండద్దు," అన్నాడు వాడు.

మరదలు గోడ పట్టుకుని లేచింది. "వదినె, జర బిడ్డను నా వీపుకు కట్టు," అంది. మా దగ్గర బిడ్డల్ని చంకనేసుకుంటారు, వీపున ఎవరూ మోయరు. తొట్టెకు కట్టిన చీర విప్పి గట్టిగా కట్టాను. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నా భుజానికి ఆనించి, నెత్తురు కారుతున్న కాలు ఈడ్చుకుంటూ వాకిలి దాటింది.

మాక్లూర్‌లోని పుట్టింటికి ఆటో మాట్లాడాను. ఎక్కాక, ఆటోలోనన్నా బిడ్డను వీపు మీంచి దింపుకోమన్నాను.

"వద్దొదినె," అంది.