చుట్టాలు లేని జాగా

మొన్న పొద్దున ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మీ ఖాతాలో మిగిలిన పాయింట్లు ఈ నెలాఖరు దాటితే చెల్లవు, ఈలోగా ఎక్కడికైనా వెళ్లి హాయిగా గడపండి అని. ఈ వయసులో నా సుఖం గురించి ఇంత శ్రద్ధ తీసుకునేది ఒక హోటల్ కంపెనీ వాళ్లే కాబట్టి తీసెయ్యబుద్ధి కాక, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. చదువుతుండగానే, వాన వెలిసిన మక్తల్ నేల వాసన, పాలక్యాన్ల చప్పుడు, ఇద్దరు ఆడవాళ్ల నవ్వు, ఒకదాని వెనక ఒకటి మా చౌటుప్పల్ ఇంటి వరండాలోకి వచ్చి కూర్చున్నాయి.

మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు అచ్చుకొట్టే మిషన్లుంటాయి. వాటిని బాగుచేసే ఇంజనీరుగా నేను పనిచేసేవాణ్ని. ఏ రాష్ట్రంలో మిషన్ మొరాయిస్తే ఆ రాష్ట్రానికి పోవడం, పని ముగిశాక కంపెనీ ఖర్చుతో ఏదో హోటల్లో పడుకోవడం, పడుకున్నందుకు నా పేరిట పాయింట్లు జమకావడం. నా పనికి దక్కిన మెప్పు అంతంతమాత్రమే గానీ, నా నిద్రకు మాత్రం ఏ ఏటికాయేడు గుర్తింపు వచ్చింది. ఈ సంగతి చెబితే మా ఆవిడ నమ్మలేదు. "నిద్రవోయినందుకు పాయింట్లిచ్చేటట్లుంటే మా బాపు ఎప్పుడో కోటీశ్వరుడయ్యేటోడు" అని కొట్టిపారేసింది. కానీ ఆ పాయింట్లతో ఎక్కడైనా రెండు రాత్రులు ఉచితంగా ఉండవచ్చని తెలిశాక, కొత్తిమీర తుంచుతున్న చేతులు ఆగిపోయాయి.

ఆమె కోరిక చిన్నది. పెళ్లయిన నాటినుంచి ఆమె నిద్రపోయింది రెండే చోట్ల, మా ఇంట్లో లేదా చుట్టాలింట్లో. మా ఇంట్లో ఉంటే చుట్టాలకు వండాలి, చుట్టాలింటికి పోతే వాళ్లతో కలిసి వండాలి. మనలో మగవాళ్లు చుట్టరికానికి పోతే కుర్చీ మారుతుంది, ఆడవాళ్లు పోతే పొయ్యి మారుతుంది, అంతే తేడా. "రెండంటే రెండు దినాలు. నేను వండొద్దు, ఎవరన్న నా కోసం వండుతుంటే పక్కన నిలవడి సూడొద్దు" అంది. పట్నాలు వద్దంది. చేనూ చెలకా కనబడాలి, తెల్లారి నెమలి అరవాలి, మంచాన్ని ఎవరో పరిచిపెట్టాలి, ఆ ఎవరో ఎవరన్నది తనకు తెలియగూడదు.

మన వయసువాళ్లకు ఇందులో చిక్కేమిటో చెప్పక్కర్లేదు. చుట్టాలున్న ఊళ్లో హోటల్లో దిగడమంటే ఆ చుట్టరికానికి నీళ్లొదులుకోవడమే. మా మేనమామ ఒకసారి ఆఖరు బస్సు తప్పిపోయి మహబూబ్‌నగర్ లాడ్జిలో పడుకున్నాడు. ఆ ఊళ్లోనే ఉన్న ఆయన బావమరిది ఆ మాట మనసులో పెట్టుకుని, తర్వాతెప్పుడో మామ బిడ్డ పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, అన్నం తినకుండా వెళ్లిపోయాడు. బస్సు మీద ఎవరికీ కోపం రాలేదు.

కాబట్టి మాకు కావలసింది చుట్టాలు లేని జాగా. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. పొద్దువాలే వేళ వరండాలో కూర్చుని, ఫోన్లో పటం తెరిచి, నేను ఒక్కో చోట వేలు పెట్టేవాణ్ని, ఆమె కొట్టేసేది. సాగర్ వైపు అందంగా ఉంటుందంటే అక్కడ ఆమె చిన్నమ్మ. దేవరకొండ అంటే మా మేనత్త. నారాయణపేటలో మా సొంత అక్క, పైగా బావకు చీరల దుకాణం బస్టాండు ఎదురుగానే. మా చుట్టాలున్న పాత రెండు జిల్లాలనూ చీల్చి ఎన్నో జిల్లాలు చేశారు, అయినా ఒక్కోదానికి మాకు సరిపడా చుట్టాలు మిగిలారు. అయితే ఆ సాయంత్రాలు మహా తీయగా ఉండేవి. పటంలో నీలంగా కనబడే ప్రతి చెరువు పక్కనా ఆమె ఒక గది కట్టుకునేది, కిటికీ ఎటువైపుండాలో చెప్పేది, చాయ్ ఏ గ్లాసులో రావాలో చెప్పేది, అంతలో ఆ ఊళ్లో ఎవరో గుర్తొచ్చి తానే ఆ గదిని కూల్చేసేది. మేము ఎక్కడికీ పోకుండానే ఆ వానకాలంలో సగం రాష్ట్రంలో బసచేశాం.

చివరికి నా పాయింట్లకు అందే చోటు ఒక్కటే తేలింది, మక్తల్ దాటి కృష్ణానది వైపు పోయే దారిలో, గుట్ట వారగా కొత్తగా కట్టిన హోటల్. దానికి కూతవేటు దూరంలోని ఊళ్లోనే మా వదిన, అంటే మా ఆవిడ తోడబుట్టిన అక్క, కాపురం. అయితే వదిన తన బిడ్డ కానుపుకని రాయచూరు వెళ్లింది, పున్నమి దాకా రాదు. "అక్క లేని ఊరు అక్క ఊరు గాదు" అని మా ఆవిడ న్యాయం చెప్పింది. నేను ఎదురు చెప్పలేదు, ఎందుకంటే నాకూ పోవాలనే ఉంది.

శనివారం బయలుదేరాం. జడ్చర్ల దాటినప్పటినుంచి మక్తల్ దాకా ఆమె కారులో కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. దేవరకద్ర దగ్గర చాయ్‌కి ఆగితే దిగలేదు. దొంగతనానికి పోయేవాళ్లు కూడా మాకంటే నింపాదిగా ఉంటారు. కానీ గది చేరి, ముందున్న చిన్న వరండాలో కుర్చీ వేసుకుని, కటకటాల మీద కాళ్లు చాపుకున్నాక, ఆమె ముఖంలోంచి ఏదో బరువు దిగిపోయింది. ఎదురుగా తడిసిన పత్తిచేలు, వాటి అవతల మబ్బుల కింద మెరిసీ మెరవని కృష్ణ, దూరాన ఎవరిదో ఎడ్లబండి కదులుతున్నదో ఆగిందో తెలియనంత మెల్లగా పోవడం. చాయ్ వచ్చింది. ఆమె లేవలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆ బండినే చూస్తూ, మధ్యమధ్య కునుకు తీస్తూ, మెలకువ వచ్చినప్పుడల్లా బండి ఇంకా అక్కడే ఉందని సంతోషిస్తూ గడిపింది.

మర్నాడు పొద్దున్నే, భుజాన తువ్వాలుతో నేను బయట నిలబడి ఉండగా, వంటింటి వైపు ఒక మోపెడ్ వచ్చి ఆగింది. పాలక్యాన్లు దింపుతున్న మనిషి తలెత్తాడు. మా సడ్డకుడు, వదిన భర్త. ఈ హోటల్‌కు పాలు పోస్తున్నది తన బర్రెలేనన్న ముక్క ఆయన మాకు ఎందుకు చెబుతాడు, మేము ఎందుకు అడుగుతాం.

"తమ్మీ, గీడున్నవేంది?"

ఆఫీసు పని మీద వచ్చానన్నాను.

"ఇయ్యాల ఆయితారం గద" అని, కటకటాల మీది మా ఆవిడ కాళ్లవైపు ఒకసారి చూసి, "మరదలును గూడ నౌకరిల పెట్టుకున్నరా?" అన్నాడు. బండెక్కుతూ, పున్నమి దాకా ఆగకుండా వదిన నిన్న పొద్దుగూకేసరికే రాయచూరు నుంచి దిగిందని చెప్పాడు.

కాసేపటికే బండి మళ్లీ వచ్చింది, వెనక వదిన, ఒళ్లో స్టీలు క్యారియర్. పెళ్లికో పంచాయితీకో తప్ప తీయని నారాయణపేట చీర కట్టుకుని వచ్చింది. గది గడప బయటే నిలబడిపోయింది.

"మా ఇల్లేమన్న వానకు ఉరుస్తాందా చెల్లె? కిరాయిచ్చి పండుకునేంత కానోళ్లమైనమా?"

ఇది కిరాయి కాదనీ, పాయింట్లనీ, పైసా ఖర్చు లేదనీ నేను వివరించాను. చదువుకున్నవాళ్లకు వివరణల మీద అంత నమ్మకం ఉంటుంది. "మా ఇంటికాడ గూడ పైసలడగం గద మరిదీ" అంది వదిన, నావైపు చూడకుండానే.

అన్నం తినకుండా వెళ్లిన బావమరిది నా కళ్లముందు మెదిలాడు. ఈ ఇద్దరికీ తోబుట్టువులు ఇంకెవరూ లేరు. అప్పుడు మా ఆవిడ, ఎప్పుడూ అక్కముందు గొంతెత్తని మనిషి, కుర్చీలోంచి లేచింది.

"నీ ఇంటికొస్తే ఏమైతదక్కా? నువ్వు పొయ్యికాడ, నేను ఉల్లిగడ్డలకాడ. నువ్వు నా ఇంటికొచ్చినా గదే కథ. మనిద్దరం ఒక్కకాడ గూసోని మాట్లాడుకోని ఎన్నేండ్లైంది చెప్పు? నీ మీద కోపమై రాకుంటనా? నీ పొయ్యి మీదక్కా నా కోపం."

వదిన చెప్పులు విడిచి, గడప దాటి, క్యారియర్ బల్ల మీద పెట్టి, బేరానికొచ్చిన దాన్ని చూసినట్టు పరుపును అరచేత్తో నొక్కి చూసింది. "గింత మెత్తగుంటే నడుము పడ్తది" అని కూర్చుంది. కూర్చున్నది మళ్లీ లేవలేదు.

మధ్యాహ్నం రిసెప్షన్‌లోని అమ్మాయి వచ్చి, ఈ పాయింట్ల గదిలో ఇద్దరే ఉండాలని ఎంతో మర్యాదగా చెప్పింది. మేము ముగ్గురం. వదిన సగం లేవబోయింది. మా ఆవిడ నావైపు చూసింది. కాపురం ముదిరాక కొన్ని చూపులకు వివరణలు అక్కర్లేదు. నేను తువ్వాలు తీసుకున్నాను.

అలా, ఊరూరా దోమలకు రక్తదానం చేసి నేను సంపాదించిన పాయింట్ల మీద వదిన పడుకుంది. నేను ఏ ఇంటిని తప్పించుకోవడానికి ఇంతదూరం వచ్చానో ఆ ఇంట్లోనే తేలాను. సడ్డకుడు పొయ్యి వెలిగించాడు, ఉల్లిగడ్డలు నాకిచ్చాడు. ఏ ఇంటికి పోయినా మా ఆవిడకు దక్కే మొదటి మర్యాద ఇదన్నమాట అనుకుంటూ కోశాను, కళ్లు బాగానే మండాయి. తిని, వాకిట్లో నులకమంచాల మీద మబ్బులు చూస్తూ, మేమిద్దరం కూడా చెప్పుకోదగ్గవేవీ కాని మాటలు చెప్పుకున్నాం.

తెల్లారి పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని సడ్డకుని బండి మీద హోటల్‌కు వెళ్లేసరికి, కటకటాల మీద రెండు జతల కాళ్లున్నాయి. జుట్లు విరబోసుకుని, చాయ్ చల్లారబెట్టుకుని, ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు. మమ్మల్ని చూసి ఆపారు, ఒకరినొకరు చూసుకుని మళ్లీ మొదలుపెట్టారు. పొద్దుటి వెలుతురులో పెళ్లికాని పిల్లల్లా ఉన్నారు. అదేం మాటో మాకు ఇప్పటికీ తెలియదు.

"ఏం మరిదీ, నిద్ర మంచిగ పట్టిందా? మా ఇంటికాడ పాయింట్లియ్యం మల్ల" అంది వదిన.

ఏటేటా ఇలాగే రావాలనుకున్నారు. రాలేదు. ఒక ఏడు పత్తి, ఒక ఏడు పెళ్లి, ఒక ఏడు మోకాళ్లు. ఇప్పుడు వదిన లేదు.

కాలం మారిందంటే చాలా సంగతులు చెబుతారు గానీ నాకు కనబడేది ఇదొక్కటే. ఇప్పుడు పెళ్లికి పిలిచేవాళ్లే హోటల్ గదులు చూసిపెడుతున్నారు, ఇంట్లో దిగుతామంటే వాళ్ల ముఖం కొంచెం చిన్నబోతుంది. సందేశం వచ్చిన సాయంత్రం పటం తెరిచి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె వేలు పాత రెండు జిల్లాల మీదా మెల్లగా తిరిగింది. నారాయణపేటలో దుకాణం ఎత్తేశారు, దేవరకొండ ఇల్లు అమ్మేశారు, సాగర్ వైపు ఎవరూ లేరు. అప్పట్లో ఎంత వెతికినా దొరకని జాగా ఇప్పుడు ఎక్కడ వేలు పెట్టినా దొరుకుతోంది. "యాడికన్న పెట్టు. అడిగేటోళ్లెవ్వరు?" అంది.

నేను సడ్డకునికి ఫోన్ చేశాను. వచ్చే శనివారం వస్తున్నామనీ, గుట్ట దగ్గరి హోటల్లోనే దిగుతామనీ, కొంచెం గట్టిగానే చెప్పి ఆగాను.

"మంచిది తమ్మీ. గాడ ఏసీ గూడ పెట్టిన్రంట" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాను, మళ్లీ చేసి తిడతాడేమోనన్న ఆశతో.