హెల్మెట్ల కొట్టులో ఒకే కథ

నా పంక్చర్ల షాపు పక్కనే హెల్మెట్ల కొట్టు. దాన్ని నడిపే అన్నయ్య దగ్గర సరుకెంత ఉన్నా, అమ్మిపెట్టేది ఒకే ఒక్క కథ. బేరమాడే మనిషి తగిలితే చాలు, కొడుకు చావు మొదలుపెట్టేవాడు.

"పందొమ్మిదేళ్లోడు. మలుపులో లారీ గుద్దింది. తల ఫుట్‌పాత్ అంచుకి తగిలి పగిలింది. ఆస్పత్రిదాకా కూడా రాలేదు."

అంతే. వెంటనే ఇనప రాడ్డు తీసి చవకరకం హెల్మెట్ మీద ఒక్కటి వేసేవాడు. అది ముక్కలయ్యేది. తన సరుకు మీద వేస్తే గీత పడేది. వచ్చినవాడు బేరం మానేసి జేబులో చెయ్యి పెట్టేవాడు.

ఏళ్లు గడిచినా ఆ కథలో ఒక్క మాట పెరగలేదు, తరగలేదు. "కాస్త ఉప్పూకారం దట్టించు అన్నయ్యా, ఇంకా బాగా పోతాయి" అని ఒకసారి కూశాను. చేతిలో రాడ్డున్న మనిషికి సలహాలివ్వకూడదని ఆయన చూపు చూశాక అర్థమైంది.

వదిన లోపల కూర్చుని హెల్మెట్లకి పట్టీలు కుట్టేది. రాడ్డు పడ్డ ప్రతిసారీ ఆమె సూది ఆగిపోయేది. చచ్చిన బిడ్డని రోజూ మళ్లీ చంపే వ్యాపారం అది, నాకు ఒళ్లు మండేది.

"మానెయ్యమని చెప్పొచ్చు కదా వదినా?"

"ఆయన జరిగిందే చెబుతున్నారు, చెప్పనీ. వాడి చావులో ఒక్క అబద్ధం కలిసినా మాత్రం ఊరుకోను."

ఈలోగా ఎదురుగా ఇంకో హెల్మెట్ల కొట్టు వెలిసింది. దాని ఓనర్‌ని వీధంతా గుండు అనే పిలిచేది. పెళ్లే కాలేదు వాడికి. గిరాకీ అంతా ఇటే వస్తుంటే ఓర్వలేకపోయాడు. నెల తిరక్కుండా వాడి నోట్లోనూ ఓ కొడుకు పుట్టాడు, పుట్టినవాడు వెంటనే లారీ కింద పడ్డాడు.

ఆ మధ్యాహ్నం గుండు ఓ గిరాకీ ముందు గొంతు చించుకుంటున్నాడు. "పందొమ్మిదేళ్లు సార్ నా కొడుక్కి! హెల్మెట్ పెట్టుకోరా అంటే పొగరు. విసిరికొట్టి పోయాడు..."

వదిన లేచింది. రాడ్డు అందుకుని రోడ్డు దాటింది. మొదటి దెబ్బ వాడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నా షాపుదాకా వినిపించింది. రెండోది నెత్తిన. నెత్తురు కళ్లలోకి కారుతుంటే వాడు కూలబడి చేతులు అడ్డం పెట్టాడు. ఆ వేళ్ల మీద కొట్టింది. నేనూ అన్నయ్యా పరుగెత్తి చెరోవైపు పట్టుకుంటే, మా ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వెళ్లి ఇంకోటి వేసింది. ముందు నాకు సంతోషమేసింది. నెత్తురు నా చెప్పులకి అంటాక భయమేసింది.

"పొగరా? నా కొడుక్కి పొగరా?"

అన్నయ్య ఆమె నోరు నొక్కేశాడు. "వద్దే, చెప్పకు!"

ఆమె ఆ చెయ్యి కొరికి విదిలించుకుంది. "ఉన్న ఒక్క హెల్మెటూ నా తలకి పెట్టి, తను ఉత్త తలతో నడిపాడురా! బండి వెనకాల కూర్చున్నది నేను!"

అన్నయ్య నెత్తురోడుతున్న చేత్తోనే ఆమెని దగ్గరికి తీసుకున్నాడు.

"వాడి తలకి హెల్మెట్ ఎందుకు లేదని ఎవరూ అడక్కూడదనే కదే ఇన్నేళ్లూ అంతవరకే చెప్పుకొచ్చాను. ఒక్క మాట ఎక్కువైనా నీ దాకా వస్తుందని."