వంచితే మారని రంగు

ధర్మవరంలో పట్టుచీర రంగును ఎదురుగా నిలబడి చూసి తేల్చే నేతగాడు ఉండడు. చీరను గడప దగ్గరికి తెచ్చి, కుచ్చెళ్లలా మడిచి, వెలుతురుకు అటూ ఇటూ వంచి చూస్తారు. నిలువు పోగుల పడుగు ఒక రంగు, అడ్డపోగుల పేక ఇంకో రంగు అయినప్పుడు, వంచినకొద్దీ బట్ట రంగు మారుతుంది. ఆ మారే రంగును మా ఇంట్లో నీడ అనేవాళ్లు. నీడ చూడనిదే మా నాయన ఏ చీర రంగుకూ పేరు పెట్టేవాడు కాదు.

అందుకే నేను పనిచేసే పట్టు దుకాణంలోకి మొదటి ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు నాయన దాన్ని కూడా వంచి చూశాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. అనంతపురంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, చీరల అంచులూ బుటాలూ కంప్యూటర్‌లో గీసే పనికి ఒక సావుకారు దగ్గర కుదిరాను. నాయన నేసేదీ ఆయనకే. బెంగళూరులో ఏదో ఆఫీసువాళ్లు వాడేసి పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌ను సావుకారు కొనుక్కొచ్చాడు. నల్లగా, ఇటుకంత మందంగా ఉండేది. తెర వెలగడానికి కాసేపు పట్టేది. వెలిగాక కూడా పచ్చగా, నీరసంగా ఉండేది. సరిగ్గా ఎదురుగా కూర్చుంటేనే రంగు రంగులా కనిపించేది. పైనుంచి చూస్తే ఎరుపు వెలిసిపోయేది, కిందినుంచి చూస్తే నల్లబడేది.

ఆ తెరను చూస్తే నాకు ఒళ్లు మండేది. నాయనకు మాత్రం తెగ నచ్చింది. మూత వెనక్కి వాల్చి, ముందుకు వంచి, "చూడు పాపా, దీంట్లో గూడా నీడ ఉండాది" అన్నాడు. అది నీడ కాదు, తెర లోపం అని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. దుకాణానికొచ్చే నేతగాళ్లందరిదీ అదే వరస. ఒకసారి చాప మీద కూర్చున్న నాయనా, వెనక నిలబడ్డ సావుకారూ తెర మీద ఒకే చీరను చూసి వాదులాడుకున్నారు.

"వంకాయ రంగప్పా ఇది" అన్నాడు నాయన.

"యాడ వంకాయన్నా, గులాబీ కదా!" అన్నాడు సావుకారు.

ఇద్దరూ కళ్లారా చూసిందే చెబుతున్నారు. సావుకారును కూడా లాగి చాప మీద కూర్చోబెట్టేదాకా ఆ పంచాయితీ తెగలేదు.

కొన్నేళ్లకు రెండోది వచ్చింది. వెడల్పు తెర, బోలెడంత వెలుగు, అద్దంలాంటి మెరుపు. కొత్తది కదా అని సంబరపడ్డాను. తీరా చూస్తే చీర కంటే వాకిట్లో ఎండా, నా మొహమూ ఎక్కువ కనిపించేవి. వంచితే రంగు మారే రోగం మాత్రం దానికీ ఉంది. విసుగొచ్చి మళ్లీ పాత మసక తెర మీదే గీసుకున్నాను.

ఆ రోజుల్లోనే నాయన చూపు తగ్గడం మొదలైంది. శుక్లాలైతే ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం. అనంతపురంలో డాక్టరు చూసి, శుక్లం కాదు, కంటి నరం చచ్చిపోతోంది, పోయిన చూపు తిరిగిరాదు, చుక్కలు వేసుకుంటూ మిగిలింది కాపాడుకోవాలి అన్నాడు. మిగిలింది ఎంతో నాయన ఎవరికీ చెప్పలేదు. అమ్మ దారం చుట్టిన కండెలను ఏ రంగువి ఆ రంగుకున్న డబ్బాలో వేసి, డబ్బాలను మగ్గం గుంత పక్కన రోజూ ఒకే వరుసలో పెట్టేది. ఇంట్లో ఎవరమూ ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు. బయటికి పొక్కితే మగ్గం పోతుంది. రంగు పోల్చుకోలేనివాడికి ఏ సావుకారూ పడుగు ఇవ్వడు. మాకు చేను లేదు. చేలున్నవాళ్లే వేరుశనగ వేసి, వాన రాక, రాప్తాడు వైపు రోడ్డు పనులకు పోతున్నారు. నాయనకు చేతనైంది ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నేయడం ఒక్కటే.

అప్పుడు మూడో ల్యాప్‌టాప్ వచ్చింది. మెరుపు లేదు, హంగు లేదు. తెర మాత్రం ఏ పక్కనుంచి చూసినా ఒకేలా ఉంది. "ఈ మూల నుంచి చూడు, ఆ మూల నుంచి చూడు, రంగు మారితే నన్నడుగు" అని సావుకారు వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపించాడు. నేను మూడింటినీ పక్కపక్కన పెట్టి మూడింట్లోనూ ఒకే నెమలికంఠం చీర బొమ్మ తెరిచాను. మొదటిదాంట్లో బురదనీళ్ల రంగు, రెండోదాంట్లో కళ్లు చెదిరే నీలం. మూడోదాంట్లో మాత్రం బీరువాలో ఉన్న చీర రంగే. ఇన్నాళ్లకు ఒక మంచి తెర దొరికిందని పొంగిపోయాను.

కొత్త పడుగు కోసం నాయన దుకాణానికి వచ్చింది ఆ రోజే.

"రా అన్నా, ఇప్పుడు నువ్వు నేయబోయే చీర ఈడుండాది. చూసి చెప్పు" అని సావుకారు కొత్త ల్యాప్‌టాప్‌ను ముందుకు జరిపాడు. ఎర్ర పడుగు, ఆకుపచ్చ పేక. నాయన చాప మీద కూర్చుని మూత అంచు పట్టుకున్నాడు. వెనక్కి వాల్చాడు. మెల్లగా ముందుకు వంచాడు.

"బాగుండాదప్పా. ఇదో, ఇప్పుడు నల్లబడె చూడు. నీడ బాగా తిరుగుతాండాది."

తెర మీద రంగు ఆవగింజంత కూడా మారలేదు.

సావుకారు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది, ఆ కొత్త మెషీన్ మీద. పాతది ముందున్నట్లయితే నాయన మాట నిజమయ్యేది.

మేం పలకకపోవడంతోనే ఆయనకు అర్థమైంది. మూత మీంచి చెయ్యి తీసి, "ఏమప్పా, తిరగలేదా?" అన్నాడు.

"తిరిగిందిలే అన్నా" అన్నాడు సావుకారు. మనిషి మంచివాడే. "పడుగుకు అద్దకం ఇంకా ఆరలేదు, నాలుగు దినాలు తాళు."

ఆరిపోయి, చుట్టి పెట్టిన ఎర్ర పడుగు గోడవారనే ఉంది. నాయన దాని పక్కనుంచే నడిచి బయటికి వచ్చాడు.

దారిలో నా భుజం పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఎంత కనపడతాంది నాయనా?" అని అడిగాను.

"మనిషి అడ్డమొస్తే తెలుస్తాది. రంగులు పోయి శానా దినాలాయ పాపా. మీ అమ్మకు చెప్పొద్దు, ఆ డబ్బాలు సర్దుకుంటా ఉండాది."

ఆ పడుగు ఇంకో వీధిలో ఇంకొకరి మగ్గం ఎక్కింది. నాయన గుంతలోంచి పైకి వచ్చి, రాట్నం ముందు కూర్చుని పక్క మగ్గాలవాళ్లకు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. దారం తెగితే వేళ్లకు తెలిసిపోయేది. కొత్త దారం చేతికి వచ్చినప్పుడల్లా "ఇది ఏ రంగు మే?" అని అమ్మను అడిగేవాడు. చిలకపచ్చ అనో, పోకరంగు అనో అమ్మ చెప్పేది. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. అమ్మ మాత్రం చెబుతూనే ఉండేది.