కెమెరా కింద నాగరాణి

మిర్యాలగూడ బస్టాపులో సాయంత్రం అందరూ రేకుల నీడకు చేరితే, నాగరాణి మాత్రం మందుల దుకాణం ముందు ఎండలో నిలబడుతుంది. చున్నీ కొసను వేలికి బిగించి చుట్టుకుంటుంది, తల తిప్పదు. నెల్లాళ్లుగా బైకు మీద వెంటపడుతున్నవాడు పక్కనే ఆగి పళ్లికిలిస్తాడు. ఇంట్లో చెబితే అన్న శివకుమార్, "నువ్వే వేరే బస్సుకు పో," అన్నాడు. ఆ బైకువాడు పంపిన మెసేజులన్నీ పరువు పోతుందని అన్నే ఆమె ఫోన్‌లోంచి చెరిపేశాడు. ఆ మంట ఆమెకింకా చల్లారలేదు.

ఇవాళ దుకాణం నడిపే రాజమ్మకు జాలేసింది. "గా ఎండల ఎందుకు బిడ్డా, నీడకు రా."

"నీడల నిలబడితె వాడు నీ కెమెరాల పడడు, పెద్దమ్మా," అంది నాగరాణి పళ్లు బిగించి. "రేపు పోలీస్ స్టేషన్‌కు పోతున్న. ఆ రికార్డు జర దాచిపెట్టు. ఎవలడిగినా చెరిపెయ్యకు. మా అన్నొచ్చి అడిగినా సరే."