సుహైల్ ఏం నొక్కాడు

మా ఆయనకు అబద్ధం ఆడటం రాదు. పెళ్ళయిన కొత్తలో అదో గొప్ప గుణమనుకుని, మాచర్లలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. తర్వాత తెలిసొచ్చింది. ఆయన అబద్ధం ఆడడు గానీ, నిజం చెప్పాల్సిన చోట నోరు మూసుకుని నిలబడతాడు. ఎదుటివాళ్ళు తమకు తోచింది అనుకుని వెళ్ళిపోతారు. ఆ నోరు మూసుకోవడం వల్ల మొన్న ఎండాకాలంలో ఒక మనిషికి ఏం జరిగిందో చెబుతాను. మొగుడి గురించి ఇలా చెప్పుకోవాల్సి రావడం నాకేం గొప్పగా లేదు.

ఆయన పేరు శశికాంత్. నరసరావుపేటలో మా మామగారికి విత్తనాల కొట్టుంది. కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడని ఆయన ఆశపడ్డారు. ఈయనకేమో బేరం ఆడేవాళ్ళను చూస్తేనే చెమటలు పడతాయి. అందుకని డిగ్రీలో నేర్చుకున్న కంప్యూటర్‌ను నమ్ముకుని, కొట్టు పైన గదిలో వెబ్‌సైట్లు తయారుచేసే పని పెట్టుకున్నాడు. చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లులు, ఇక్కడి కాలేజీలు, ఒకరిద్దరు వకీళ్ళు ఆయన ఖాతాదారులు. ఎవరు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా విసుక్కోడు. రద్దీ రోజుల్లో కిందికి దిగి వాళ్ళ నాన్నకు బస్తాలు సర్దిపెడతాడు. నేను బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకుని వస్తే అడక్కుండానే టీ పెట్టి ఇస్తాడు. మంచివాడే. ఆ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి, తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు.

ఆయనకు ఊళ్ళో పేరు తెచ్చిపెట్టింది పద్మజ మేడం గారి ల్యాబ్. రక్తపరీక్షలు చేసే ల్యాబ్ అది. రిపోర్టు తయారుకాగానే ఫోనుకు లింకు వస్తుంది, నొక్కితే రిపోర్టు తెరుచుకుంటుంది. ల్యాబ్‌లో కాగితం మీద ప్రింటు తీయాలన్నా ఆ సైటు నుంచే తీయాలి. అడుగున చిన్న అక్షరాలతో ‘రూపకల్పన: శశికాంత్’ అని ఉంటుంది. దాన్ని నేను చూపించని చుట్టం లేడు. "మొత్తం మా ఆయనే రాశాడు, అక్షరం అక్షరం" అని పెళ్ళిళ్ళలో చెప్పేదాన్ని. పక్కనే నిలబడి ఈయన తల దించుకుని నవ్వేవాడు. అబ్బ, ఎంత అణకువ అనుకుని మురిసిపోయేదాన్ని. నా పిచ్చి గాకపోతే!

ఆ ల్యాబ్ కౌంటర్ దగ్గర సుహైల్ కూర్చుంటాడు. మా వెనక వీధిలో ఉండే హఫ్సా మొగుడు. నా జాకెట్లు కుట్టేది హఫ్సానే. సుహైల్ కీబోర్డు వైపు చూడడు. వచ్చినవాళ్ళ మొహంలోకి చూస్తూ, "ఏ ఊరమ్మా? ఏం తిని వచ్చావు?" అని అడుగుతూనే వేళ్ళు ఆడించేస్తాడు. అడగడం పూర్తయ్యేసరికి వాళ్ళ వివరాలన్నీ ఎక్కేసి ఉంటాయి. రెంటచింతల నుంచి వచ్చే ముసలివాళ్ళకు ఏ గదికి వెళ్ళాలో చెయ్యి పట్టుకుని చూపిస్తాడు. మా ఆయన్ను ‘శశన్నా’ అంటాడు. సొంత తమ్ముడు పిలిచినట్టే ఉంటుంది.

ఆ సోమవారం పొద్దున్నే సుహైల్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "శశన్నా, సైటు తెరుచుకోట్లా. ఇంగ్లీషులో ఏదో వస్తా ఉంది. ఇక్కడ జనం చానామంది ఉన్నారు" అన్నాడు. ఈయన సగం ఇడ్లీ వదిలేసి బండెక్కాడు. ఇంటర్వెల్‌లో నేను నా థైరాయిడ్ రిపోర్టు కోసం లింకు నొక్కాను. రిపోర్టు బదులు తెల్లటి పేజీ మీద రెండు లైన్లు వచ్చాయి. స్క్రీన్‌షాట్ తీసి, ఇలా వస్తోంది చూడండి అని ఆయనకు పంపాను. సాయంత్రానికి రిపోర్టు తెరుచుకుంది. "ఏమైందండీ పొద్దున?" అని అడిగితే, "సరిచేశాలే" అన్నాడు. నేనూ అంతటితో వదిలేశాను.

ఆ వారమే హఫ్సా జాకెట్లు తెచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, గడప దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాదు.

"అక్కా, శశన్నని ఒక్క మాట అడిగిపెట్టవా?" అంది.

"ఏందే, ఏమైంది?"

"మా ఆయన ఏం నొక్కాడో కనుక్కో అక్కా. సోమవారం కంప్యూటర్ పాడైంది గదా. ఈయనే ఏదో నొక్కి చెడగొట్టాడంట. జనమందరి ముందూ మేడం గారు తిట్టి, కొన్నాళ్ళు రావద్దని పంపించేశారు. అప్పట్నించీ తిండి లేదు. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని, ఏది నొక్కుంటాను, ఏది నొక్కుంటాను అని దానిమీద వేళ్ళు పెట్టి చూసుకుంటా కూర్చున్నాడు. పని తిరిగి ఇప్పించమని అడగట్లేదక్కా. తప్పు ఏందో తెలిస్తే, ఇంకోచోట చేరినా మళ్ళీ ఆ తప్పు చెయ్యకుండా ఉంటాడు గదా."

కనుక్కుంటానని పంపేశాను. అప్పటికి నాకూ తెలియదు. తర్వాత ఎందుకో ఫోన్ తీసి ఆ స్క్రీన్‌షాట్ చూశాను. ఆ రోజు హడావుడిలో చదవలేదు. ఇప్పుడు నింపాదిగా చదివాను. ఈ ఫైలు నడవాలంటే వెబ్‌సైట్ నిర్వహించేవారు సర్వర్‌లో లోడర్‌ను ఇన్‌స్టాల్ చేయాలని ఒక లైను. నిర్వహించేవారు మీరే అయితే ఫలానా చోట సాయం దొరుకుతుందని ఇంకో లైను. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళ ఊసే లేదు. నిర్వహించేవారంటే మా ఆయనే.

ఆయన పైనుంచి దిగి రాగానే ఫోన్ మొహం ముందు పెట్టాను.

"ఏందండీ ఇది?"

చూశాడు. ఫోన్ నా చేతికే తిరిగి ఇవ్వబోయాడు.

"నోరు తెరవండి. సుహైల్ ఏం నొక్కాడు?"

"ఏం నొక్కలేదు" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

అప్పుడు బయటపడింది అంతా. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన రాసింది కాదు. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే కొని, బొమ్మలూ పేరూ మార్చాడట. అమ్మేవాళ్ళు లోపలి రాత ఎవరూ చదవకుండా, కాపీ కొట్టకుండా దాన్ని గజిబిజి అక్షరాలుగా మార్చి ఇస్తారు. సర్వర్‌లో ఇలాంటి సైట్లను నడిపేది పీహెచ్‌పీ. ఆ గజిబిజిని అది తనంతట తాను చదవలేదు, లోడర్ అనే ఇంకో చిన్న ఫైలు తోడు ఉండాలి. మా మామగారికి కళ్ళజోడు లేకపోతే పేపరు కనపడనట్టే. పీహెచ్‌పీ వెర్షన్ మారిస్తే పాత లోడర్ పనికిరాదు, కొత్తదానికి సరిపోయేది తెచ్చి మళ్ళీ పెట్టాలి. పాత వెర్షన్ ఆపేస్తున్నాం, మార్చుకోండి అని సర్వర్ కంపెనీ వాళ్ళు మెయిళ్ళు పెడుతూనే ఉన్నారట. ఈయన ఆదివారం సాయంత్రం పకోడీలు తింటూ ఒక్క బటన్ నొక్కి మార్చేశాడు. లోడర్ సంగతి గుర్తులేదు. ఆ పకోడీలు వేసి పెట్టింది నేనే.

"సోమవారం వెళ్ళగానే నాకు అర్థమైంది తులసీ. కొత్త లోడర్ ఫైలు సర్వర్‌లోకి ఎక్కించి, సెట్టింగుల్లో దాని పేరు ఒక లైను రాసి, పీహెచ్‌పీని ఆపి మళ్ళీ మొదలుపెట్టా. అంతే పని."

"మరి ఆ ముక్క మేడంకు చెప్పడానికి ఏమైంది?"

"లోడర్ అంటే ఏందయ్యా అని అడుగుతుంది. తాళం వేసిన ఫైళ్ళను చదివేదని చెప్పాలి. నువ్వు రాసినదానికి తాళం ఎవరు వేశారంటే ఏం చెప్పను? నేను రాయలేదని తెలిసిపోతుంది గదా. ఆమె వచ్చీ రాగానే, ఎవరన్నా ఏదన్నా నొక్కారా అంది. నేను పలకలేదు. ఆమె సుహైల్ వైపు తిరిగింది."

"తిడుతుంటే మీరు ఎక్కడున్నారు?"

"అక్కడే. పక్క కుర్చీలో. ఆ లైను రాస్తా ఉన్నా."

ఫోన్ మంచం మీద పడేశాను. మళ్ళీ ఆయనే, "నేను సుహైల్ పేరు ఎత్తలేదు తులసీ" అన్నాడు.

"ఎత్తాల్సిన పనేముంది? ఆ కౌంటర్ దగ్గర ఇంకెవరు కూర్చుంటారు, మీ నాన్నా?" అని అరిచాను. ముందున్న కొట్టులోకి వినపడి ఉంటుంది. వినపడనీ అనుకున్నాను. ఆ మీదట నా మీద నాకే అసహ్యం వేసింది. అక్షరం అక్షరం రాశాడని ఊరంతా టముకు వేసింది నేను. ఆ పేరు కాపాడుకోవడానికే ఈయన ఇంకొకడి పరువు తీశాడు. హఫ్సా కుట్టిన జాకెట్లు మంచం మీద ఉన్నాయి. వాటిని ముట్టుకోబుద్ధి కాలేదు.

పద్మజ మేడంకు ఫోన్ చేసి చెబుతానన్నాడు. కుదరదన్నాను. ఏ కౌంటర్ దగ్గర ఆ మనిషిని తిట్టారో అక్కడే, జనం ముందే చెప్పమన్నాను. తెల్లారి బడికి సెలవు పెట్టి నేనూ బండెక్కాను. దారిలో మల్లమ్మ సెంటర్ దగ్గర బండి ఆపి మంచినీళ్ళు తాగాడు. సగం చొక్కా మీద పోసుకున్నాడు. జాలి వేసింది, కానీ చూపించలేదు.

ల్యాబ్‌లో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. కౌంటర్ దగ్గర సుహైల్ కుర్చీలో మేడమే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. ఎదురుగా ఆరోగ్యమ్మ అనే రెంటచింతల ముసలావిడ నిలబడి, "ఆ పిల్లోడు లేడేందమ్మా? ఆ పొద్దు ఎండకు వచ్చిన చిరాకులో నేను గూడా నాలుగు తిట్టా. పాపం, తలకాయ వంచుకుని పడ్డాడు" అంటోంది.

మా ఆయన కౌంటర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేను వెనక నిలబడ్డాను. ఆయన మెడ మీద చెమట కనపడుతోంది.

"ఏమయ్యా శశికాంత్, మళ్ళీ ఏమైంది?" అంది మేడం.

"సోమవారం సుహైల్ తప్పేం లేదు మేడం. సర్వర్‌లో నేను వెర్షన్ మార్చా. దానికి తగ్గ లోడర్ పెట్టడం మర్చిపోయా. అందుకే ఆగింది."

"ఆ రోజు అక్కడే కూర్చున్నావు గదయ్యా! నేను వాణ్ణి అన్నేసి మాటలంటుంటే?"

"విన్నాను మేడం."

"మరి చెప్పవేం?"

ఇక్కడ ఆగిపోతాడేమోనని నాకు భయం వేసింది. వీపు మీద ఒక్కటి వేద్దామని కూడా అనిపించింది. ఆగలేదు.

"చెబితే ఈ సాఫ్ట్‌వేర్ నేను రాయలేదని తెలుస్తుందని. కొని, పేరు పెట్టుకున్నా. అందరూ నేనే రాశాననుకుంటుంటే ఊరుకున్నా."

బెంచీల మీదివాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. ఆరోగ్యమ్మకు సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో తెలుసో తెలియదో గానీ, విషయం తెలిసింది. "నీ నోరేం పడిపోయిందయ్యా?" అంది. గట్టిగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్క్రీను వైపు చూస్తూ, "నేను కూడా ఆ పిల్లాణ్ణి ఒక్క మాట అడగలేదు. నీకు తెలుసు గదా, వాడి తప్పు కాకపోతే చెబుతావులే అనుకున్నా" అంది. అందరి ముందే సుహైల్‌కు ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పి రమ్మంది. సైటు అడుగున ఉన్న పేరు తీసేయమని ఈయనకు చెప్పింది. అక్కడే నిలబడి తీసేశాడు. తీసేటప్పుడు ఆయన మొహం చూడలేక నేను వీధిలోకి వచ్చేశాను.

అటునుంచి అటే సుహైల్ ఇంటికి వెళ్ళాం. చెప్పిందంతా విని సుహైల్ కోప్పడలేదు. "అయితే నేనేం నొక్కలా?" అని ఒక్కటే అడిగాడు. లేదంటే మళ్ళీ అడిగాడు. హఫ్సా మా ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాకు జాకెట్లు ఇప్పటికీ కుడుతోంది, మాటలు మాత్రం కొలతల వరకే.

వానలు మొదలయ్యాక మళ్ళీ నా రక్తపరీక్షకు ల్యాబ్‌కు వెళ్ళాం. కౌంటర్ దగ్గర సుహైల్ ఉన్నాడు. "బాగున్నారా అక్కా?" అని నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను. నా పేరు కొట్టడం మొదలుపెట్టాడు. కీబోర్డు మీదికి వంగి, ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నా మొహంలోకి చూడలేదు. వెనక జనం విసుక్కుంటున్నారు. చివర్లో సేవ్ బటన్ దగ్గర మౌస్ ఆపి, తలెత్తి నా వెనక ఉన్న మా ఆయన్ను చూశాడు.

"సార్, ఇది నొక్కొచ్చు గదా?"

మా ఆయన, "నొక్కు సుహైల్, ఏం కాదు" అన్నాడు.

సుహైల్ తల ఊపాడు. అయినా నొక్కలేదు. మేడం గది తలుపు వైపు ఒకసారి చూసి, అప్పుడు నొక్కాడు.