మేట్రనమ్మ గురువారాలు

బాగా పనిచేసేవాళ్ళను పనిలోంచి తీసెయ్యడం మా మేట్రన్ సాయవ్వకు ఒక జబ్బు. సోమరుల జోలికి పోదు. ముసలివాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకునే ఆయా ఎవరన్నా కంటపడిందా, ఆమెకు గురువారంనాడు ఉద్వాసన ఖాయం. గురువారమే ఎందుకో ఎవరికీ తెలియదు.

లక్సెట్టిపేట పక్కన మిషన్‌వాళ్ళ ఆశ్రమం మాది. మంచాన పడ్డ ముసలివాళ్ళు ఇరవైముగ్గురు, ఆయాలు నలుగురు, వార్డుబాయ్‌ని నేను, సామ్యూల్‌ని. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో చేరాను. ఆరేళ్ళలో పద్నాలుగు మంది ఆయాలు నా కళ్ళముందే బస్సెక్కారు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా తీసెయ్యలేదు. ఆ గొప్ప చర్చిలో కూడా చెప్పుకునేవాణ్ణి.

ఆమె పని నేర్పే తీరు చూస్తే ఎవరికైనా మతిపోతుంది. కొత్త ఆయా రాగానే తానే రోగిలా మంచమెక్కేది. మనిషి వడ్లబస్తా. "తిప్పు నన్ను" అనేది. తిప్పబోతే మూలిగేది, తిట్టేది, గంజి తాపితే మొహాన ఉమ్మేది. "గిట్లనే ఉమ్ముతరు. కోపమొచ్చిందా? రాలే? అయితే మల్ల తాపు!" మూడు నెలలు ఇదే వరస. నాలుగో నెలలో ఆ పిల్లకు పని పట్టుబడేది. ఆ వెంటనే గురువారం వచ్చేది.

రాజక్కను పాట పాడిందని తీసేసింది. మల్లక్కను పాట పాడలేదని తీసేసింది. కిష్టవ్వ తుమ్మింది, అంతే.

వీటన్నిటినీ మించింది బాలలక్ష్మి సంగతి. బోథ్ నుంచి వచ్చింది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. ఎవరు తినిపించినా ఉమ్మే అంతయ్య తాత ఆమె చేతిముద్ద మాత్రం తినేవాడు. ఓ గురువారం పొద్దున సాయవ్వ వార్డులోకి వచ్చింది.

"దుప్పటి గట్లనా మడతపెట్టేది?"

"ఎట్ల పెట్టాలె మేట్రనమ్మా?"

"ఎట్ల పెట్టినా నాకు నచ్చది. మూట సదురుకో. బస్సొస్తది."

"గీ ముసల్దానికి పిచ్చి లేసింది!" అని అంతయ్య మంచం మీంచే అరిచాడు. సాయవ్వ ఏడుస్తున్న బాలలక్ష్మి చేతిలో రొట్టెల మూట, ఒక చిట్టీ పెట్టి, పిల్లలతో సహా బస్సెక్కించి వచ్చింది.

నాకు పదిరోజులు తిండి సయించలేదు. ఆ పిల్లలు ఏం తింటున్నారు? ఎట్లాగైనా వెనక్కి తెద్దామని బయలుదేరాను. బెల్లంపల్లిలో దిగిందని కండక్టర్ చెప్పాడు. అక్కడ అడిగితే బొగ్గుబాయి దవాఖానకు, అంటే గనులవాళ్ళ ఆసుపత్రికి, పొమ్మన్నారు. పస్తులతో జబ్బున పడిందనుకుని పరుగెత్తాను.

వార్డులో గంజిపెట్టిన తెల్లచీరలో బాలలక్ష్మి ఎదురొచ్చింది. ఆమె వెనక రాజక్క పాడుతోంది. మల్లక్క పాడటంలేదు. కిష్టవ్వ తుమ్మింది. నేను గోడ పట్టుకున్నాను.

"అన్నా, గీడ శుక్రవారం శుక్రవారం కొత్తోళ్ళను తీసుకుంటరు. మేట్రనమ్మ చిట్టీ సూపిస్తే ఇంకేం అడగరు. జీతం మూడింతలు. పిల్లలు బడికి పోతుండ్రు."

"గా మాట చెప్పి పంపొచ్చు గద! ఎల్లగొట్టుడెందుకు?"

"మూడుసార్లు చెప్పిందన్నా. నేనే పోనన్న. అంతయ్య తాతను ఇడిసి ఎట్ల పోవాలె?" కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "గందుకే ఎల్లగొట్టింది."

నేను తిరిగి వచ్చేసరికి సాయవ్వ మంచం మీద పడుకుని, లచ్చవ్వ అనే కొత్తపిల్ల మొహాన గంజి ఉమ్ముతోంది.

"మేట్రనమ్మా, నాకంత తెలిసింది" అన్నాను. "మంచోళ్ళందర్ని పంపిస్తే మన ముసలోళ్ళ గతేంది?"

"ఏం ఫికర్ లేదు. నేర్పెతందుకు నేనున్న. మన కాడ గింత జీతానికి పిల్లలున్న తల్లిని ఎన్నేండ్లు కట్టేసి ఉంచుత?"

"మరి అంతయ్య?"

"రెండు పూటల నేనే తినిపిస్తున్న. అంత నా మీదనే ఉమ్ముతుండు."

ఆ మనిషిని ఇన్నాళ్ళు మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ప్రేమా పొంగింది. మరుక్షణం ఇంకో అనుమానం పిడుగులా పడింది.

"మేట్రనమ్మా, ఆరేండ్ల సంది నన్నెందుకు తీసెయ్యలే?"

సాయవ్వ నా కాళ్ళవైపు చూసింది. నేలన పరిచి ఆరబెట్టిన దుప్పటి మీద దుమ్ముచెప్పులతో నిలబడి ఉన్నాను.

"నీకింక నేర్పుడు అయిపోలే బిడ్డా" అంది.